పెన్సిల్ ప్రింట్

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో పాత కార్ల స్పేర్ పార్టుల దుకాణం ఒకటుంది. బోర్డు మీద సత్యానందం పేరే ఉన్నా, కౌంటర్ దగ్గర కూర్చునేది ఆయన కూతురు గ్లోరియా. అంబాసిడర్లు, ఫియట్లు, ఎవరూ కొనని పాత జీపులు... వాటికి గాస్కెట్టో పిస్టనో కావాలంటే సదాశివపేట నుంచి కూడా ఇక్కడికే వస్తారు. వచ్చిన ప్రతివాడూ ఒకే మాట అంటాడు. "అక్కా, అంబాసిడర్ ఇంజన్‌కు గాస్కెట్ ఇయ్యి." ఏ అంబాసిడర్ నాయనా? పెట్రోలా, డీజిలా? పుట్టినప్పటి ఇంజనా, మధ్యలో మార్చిందా? అంత పాత బండి ఒంటి మీద ఉన్నవన్నీ దాని సొంతవే అనుకుంటే అంతకంటే అమాయకత్వం ఇంకోటి లేదు.

అందుకే ఆమె బండి పేరు అడగదు. "బ్లాకు మీద ఏమున్నదో సూసి రాపో" అంటుంది. బ్లాకంటే ఇంజన్ మొండెం. దాని పక్కన పోతలోనే వచ్చిన ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. అవి ఇంటిపేరు లాంటివి, ఇంజన్ ఏ రకమో చెబుతాయి. కొంచెం అవతల నున్నటి చదును ఒకటుంటుంది. దాని మీద, కొసన అంకె చెక్కిన ఉక్కు పంచ్ పెట్టి సుత్తితో కొట్టిన నంబరు ఉంటుంది. అది సొంత పేరు, ఏ బండిదో చెబుతుంది. కంటికి ఆనకపోతే పల్చటి కాగితం పరిచి మీద పెన్సిల్ రుద్దాలి. నల్లటి మరకలో అంకెలు తెల్లగా తేలతాయి. ఆర్టీఏ ఆఫీసులో చేసేదీ ఇదే. పెన్సిల్ ప్రింట్ అంటారు.

గ్లోరియా నోరు కొంచెం కారమే. ఆ కారం పుట్టుకతో వచ్చింది కాదు, తమ్ముడు రాకీ పెట్టిపోయింది.

రాకీ డీజిల్ అంబాసిడర్ ఒకటి నడిపేవాడు. ఫార్మా కంపెనీల్లో షిఫ్టు దిగినవాళ్ళను ఇళ్ళకు చేర్చడం వాడి పని. పదేళ్ళ పైమాట. ఒకనాడు స్టాఫును దింపడానికి పోయినవాడు తిరిగి రాలేదు. వాడూ లేడు, బండీ లేదు. తెల్లారి సత్యానందం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి చెప్పాడు. "వాడు మనల్ని వద్దనుకొని పోయిండు. ఇగ వాని పేరు ఈ ఇంట్ల వినవడొద్దు." పోలీసులకు చెబుదామంటే పరువన్నాడు. ఆయన చర్చి సంఘంలో పెద్ద. పెద్దమనిషి నోట వచ్చిన మాటకు ఎదురేముంటుంది? మిగిలింది జనమే పూర్తి చేశారు. ఎవరో పిల్లతో పోయాడన్నారు, బొంబాయిలో కాపురం పెట్టాడన్నారు. ఉడికే కుండకు మూత పెట్టొచ్చు గానీ లోకుల నోటికి మూత పెట్టగలమా?

ఆ నెలలోనే గ్లోరియాకు జహీరాబాదు సంబంధం ఖాయమై ఉంది. వాళ్ళు మర్యాదగానే వచ్చి, చాయ్ తాగి, మర్యాదగానే వద్దని చెప్పిపోయారు. తల్లి ఎల్సీ సంగతి ఇంకా ఘోరం. ఆదివారం గుడిలో ప్రార్థన మనవులు చెప్పే వేళకు ఆమె లేచి నిలబడేది. "మా రాకీ గురించి..." అని మొదలుపెట్టేలోపు పక్కనున్న భర్త కొంగు పట్టి కిందికి లాగేవాడు. ఆమె కూర్చునేది. మళ్ళీ వారం లేచేది. మళ్ళీ కొంగు లాగేవాడు. ఆ మాట పూర్తి చేయకుండానే ఆమె మట్టిలో కలిసిపోయింది.

గ్లోరియాకు తమ్ముడంటే అసహ్యం. దాచేదేముంది? "ఎక్కడున్నా పురుగులు పడి సావాలె" అని ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. తిట్టిన నోరు మూయకముందే రోడ్డు మీద అంబాసిడర్ కనబడితే మెడ దానంతట అదే తిరిగేది. ఆమెకు వాడు తిరిగి రానక్కర్లేదు. ఒక్కటి తెలిస్తే చాలు. వాడు తనంతట తాను పోయాడా, లేదా? పోయి ఉంటే తీరిగ్గా ద్వేషిస్తుంది. పోకపోయి ఉంటే మాత్రం... ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి ఆమె షట్టరు దించినట్టు మనసు మూసేసేది.

ఈ కార్తీకంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పోతిరెడ్డిపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ టెంట్‌హౌస్ నడిపే నరేష్.

"గ్లోరియక్కా, జనరేటర్ పరేషాన్ చేస్తుంది. గాస్కెట్ తెచ్చి ఏస్తే సరిపోలే. ఇంకోటి తెస్తే అది గూడ సరిపోలే. పెండ్లికి కిరాయి ఒప్పుకొని కూసున్న."

"ఏం ఇంజన్ అది?"

"అంబాసిడర్‌దని చెప్పిండ్రు అమ్మినోళ్ళు."

"అమ్మేటోళ్ళు గుడ్డి బర్రెను గూడ మంచిగ సూస్తదనే చెప్తరు. బ్లాకు మీద ఏమున్నది?"

"అది గోడ దిక్కుకు ఉన్నదక్కా. సందుల సేయి పోతది గాని తలకాయ పోతలేదు. ట్రాలీ టైర్లు భూమిల కూరుకపోయినయ్, జరుగది. నువ్వే జెర వచ్చి సూడరాదూ."

ఆమె దుకాణం మూసి స్కూటీ తీసింది. వాన పడితే పటాన్‌చెరు గాలికి ఒక వాసన వస్తుంది. కంపెనీల్లో ఏం ఉడకబెడతారో గానీ కుళ్ళిన కోడిగుడ్డూ మందుబిళ్ళా కలిపినట్టుంటుంది. ముక్కుకు రుమాలు కట్టుకుని, హైవే మీద లారీల తుంపర మొహాన కొట్టించుకుంటూ ఆమె పోతిరెడ్డిపల్లి చేరేసరికి ఇంకా సాయంత్రం కాలేదు. మబ్బు మాత్రం దీపాలు పెట్టే వేళకు మల్లే కమ్ముకుంది.

నరేష్ ఇల్లు కొత్త కాలనీల చివర ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు. షెడ్డు నిండా మడిచిన షామియానాలు, బొర్లించిన వంట డేగిసాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కించిన ప్లాస్టిక్ కుర్చీలు. తడిసిన గుడ్డ వాసన, మాడిన నూనె వాసన, వాటి కింద డీజిల్ వాసన. అన్నిటికీ వెనక గోడకు ఆనుకుని ట్రాలీ మీద ఇంజన్.

షెడ్డు గుమ్మం దగ్గర పీట మీద నరేష్ తల్లి కౌసల్యమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. వాన జల్లు ఒంటి మీద పడుతున్నా ఆమె లోపలికి జరగకపోవడం గ్లోరియా గమనించింది.

"లోపటికి రా అమ్మా, తడుస్తున్నవ్."

"ఇక్కడ్నే మంచిగున్నది బిడ్డా" అంది ముసలామె. లోపలి వైపు చూడకుండానే అంది.

నరేష్ ఇంజన్ చూపిస్తూ ఉండగానే ఫోన్ మోగింది. పెండ్లివాళ్ళు. షామియానాలో నీళ్ళు నిండి కుంగిపోతోందట. "అయ్యో, అక్కా, ఒక్క గడియల వస్త" అని బండెక్కి పోయాడు. వాడు సందు మలుపు తిరిగాడో లేదో కరెంటు పోయింది. బయట కొంత వెలుతురుంది గానీ షెడ్డులో గోడ వారగా అస్సలు లేదు.

గ్లోరియా ఫోన్ టార్చి వేసి కుర్చీల దొంతర మీద పెట్టింది. వైరు బ్రష్షు, డీజిల్ గుడ్డ, గరుకు ఎమెరీ కాగితం సంచిలోంచి తీసింది. నరేష్ కంటే సన్నటి మనిషి కావడంతో ఇంజన్‌కూ గోడకూ మధ్య సందులో పక్కకు ఒరిగి దూరింది. బ్లాకు మీద చేయి వేసింది. చటుక్కున తీసేసింది.

వెచ్చగా ఉంది.

"అమ్మా, ఇంజన్ ఇప్పుడు గిట్ల నడిపిండ్రా?"

"లేదు బిడ్డా. దసరా ముందటి సంది స్టార్టే అయితలేదు."

వాన తడికి రేకులు చల్లబడ్డాయి, గోడ చల్లగా ఉంది. ట్రాలీ ఇనుము ముట్టుకుంటే మంచులా ఉంది. బ్లాకు మాత్రం జ్వరం వచ్చిన పిల్లాడి వీపులా ఉంది. సరే, లోపల ఎక్కడో బ్యాటరీ వైరు షార్టయి ఉంటుందిలే అనుకుంది. ఇన్నేళ్ళ పనిలో ఇనుముకు భయపడటం ఆమె ఎరగదు.

జిడ్డు తుడిచి బ్రష్షుతో రుద్దితే పోత అక్షరాలు తేలాయి. చూడగానే నవ్వొచ్చింది. అంబాసిడర్‌దే గానీ చిన్న డీజిల్ కాదు, ఆ తర్వాత వచ్చిన పెద్ద డీజిల్. తమ్ముడి షర్టు అన్నకు తొడిగితే పడుతుందా? వచ్చిన పని అయిపోయింది. పెద్ద డీజిల్ గాస్కెట్ దుకాణంలోనే ఉంది, పొద్దున పంపిస్తే సరి. లేచి పోవాల్సింది. కానీ అలవాటైన వేలు, దాని దారిన అది, పక్కనున్న చదును మీదికి పోయింది.

నున్నగా లేదు. పల్లంగా ఉంది. ఎవరో గ్రైండర్ పెట్టి పాత నంబరు అరగదీసి, దాని మీద కొత్త నంబరు కొట్టారు.

అంటే దొంగబండి ఇంజన్. అటువంటివాటికి సామాను అమ్మితే రేపు పోలీసులొచ్చి కూర్చునేది తన కౌంటర్ ముందే. "నరేషూ, నిన్ను ముంచిండ్రు కొడకా" అనుకుంటూ సంచిలోంచి పల్చటి కాగితాలు, వడ్రంగుల లావు పెన్సిలు తీసింది. జిడ్డు మీద టేపు అంటుకోలేదు. ఎడమ చేతి వేళ్ళతో కాగితాన్ని చదును మీద అదిమి పట్టుకుని, కుడి చేత్తో పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దింది. సర్... సర్... సర్.

కాగితం టార్చి ముందు పెట్టింది. కొత్త నంబరు శుభ్రంగా వచ్చింది. అందులో ఎనిమిది తల మీద చిన్న గండి. రాయి మీద పడి అంచు ఎగిరిపోయిన పంచ్‌తో కొడితే పడే గండి.

గ్లోరియా చాలాసేపు ఆ ఎనిమిదినే చూస్తూ ఉండిపోయింది. ఆ పంచ్ ఆమెకు తెలుసు. తన చేతిలోంచే జారి పడింది అది, చిన్నప్పుడు. చెక్కపెట్టెలో మిగతా అంకెల పక్కన ఇప్పటికీ అట్లాగే ఉంది. ఆ పెట్టె వాళ్ళ నాయిన అల్మారాలో ఉంటుంది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది.

"ఉండొచ్చు" అని పైకే అనుకుంది. "నాయిన ఎన్ని ఇంజన్లకు నంబర్లు కొట్టలేదు?" కొత్త బ్లాకులు నంబరు లేకుండా బోడిగా వస్తాయి, పాత నంబరు దుకాణంలోనే కొట్టించుకుంటారు. అది తప్పేం కాదు. కానీ అరగదీసి కొట్టడం వేరు. ఆయన అట్లాంటి పని ముట్టడు. ఎవరైనా తెస్తే బైబిల్ వాక్యం చెప్పి మరీ పంపేస్తాడు.

ఎమెరీ కాగితం తీసుకుని చదును మీద మెల్లగా రుద్దింది. గ్రైండర్ ఎంత తిప్పినా గట్టిగా పడిన దెబ్బ అడుగు పూర్తిగా పోదు. కొత్త కాగితం పరిచింది. వేళ్ళతో అదిమింది. పెన్సిల్ రుద్దింది. కొత్త అంకెల వెనక, మసకమసకగా, పాత నంబరులోని ఒకే ఒక్క అంకె తేలింది.

ఏడు. పక్కనే దాని నీడలాగా ఇంకో ఏడు. రెండు దెబ్బలు పడ్డ ఏడు.

పెన్సిల్ ఆపేసింది.

రాకీ బండికి కొత్త బ్లాకు వేయించినప్పుడు నంబరు కొట్టింది వాళ్ళిద్దరే. వాడు పంచ్ పట్టుకుంటే ఆమె సుత్తి వేసింది. ఏడు దగ్గరికి వచ్చేసరికి వాడు, "అక్కా, నీ పెండ్లైతే గీ బండ్లనే మీ అత్తగారింటికాడ దింపుత. దింపి ఎంటనే గేరేసి పారొస్త, నువ్వు మళ్ళ ఎనక్కి ఎక్కకుండ" అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు. సుత్తి ఎగిరి రెండోసారి పడింది. "ఆడోళ్ళ చేతికి సుత్తి ఇస్తే గిట్లనే" అని వాడు, "నోరు మూసుకొని పట్టు" అని తను.

ఇది వాడి ఇంజన్. బండి బొంబాయి పోలేదు. ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ముక్కలైంది. ముక్కలు చేసి, పేరు చెరిపి, కొత్త పేరు పెట్టిన చెయ్యి... కొంగు పట్టి లాగిన చెయ్యి.

"అయ్యో రాకీ" అంది. ఇన్నేళ్ళలో ఆ పేరు తిట్టుగా కాకుండా నోట రావడం అదే మొదలు. కళ్ళనీళ్ళు జారి బ్లాకు మీద పడ్డాయి. చుయ్యిమంటాయేమో అనిపించింది. అనలేదు.

టక్.

బ్లాకు లోపల.

ఆమె ఊపిరి బిగబట్టింది. వాన చప్పుడేమో... రేకు మీద చినుకేమో...

టక్. కొంచెం ఆగి, టక్. చినుకు కాదు. పంచ్ మీద సుత్తి పడే చప్పుడు. అది ఇంకే చప్పుడులానూ ఉండదు. ఇనుము లోతట్టు నుంచి ఎవరో ఒక్కొక్క అంకె కొడుతున్నట్టు...

ఆమె ఎడమ చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది. తీయాలనుకుంది. టక్ టక్ ఆగిపోయింది. ఇంకో చప్పుడు మొదలైంది.

సర్...

కుడి చేతిలో పెన్సిల్ కదలలేదు. ఆమె దాన్నే చూస్తోంది. అది కదలలేదు.

సర్... సర్...

కాగితం కింద. కాగితానికీ ఇనుముకూ మధ్య. చూపుడు వేలి కొస కింద ఏదో సన్నగా, ఓపిగ్గా, అటూ ఇటూ రుద్దుతోంది. ఆ వేలు అయింది. పక్క వేలి కిందికి జరిగింది. మూడో వేలి కింద సగం రుద్ది... ఆగింది. ఒక్క క్షణం కదలిక లేదు. తర్వాత ఏదో దూరంగా జరిగినట్టు చేతి కింద ఇనుము చల్లబడింది.

ఎట్లా బయటికి వచ్చిందో ఆమెకు తెలియదు. కుర్చీల దొంతర కూలింది, ఫోన్ కింద పడింది. దాన్ని ఎత్తుకుని గుమ్మంలో కౌసల్యమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

ముసలామె చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. గుసగుసగా అడిగింది.

"తడిమిందా?"

గ్లోరియా తల ఊపింది.

"నన్ను గూడ తడిమింది బిడ్డా. మా పోరన్ని గూడ తడిమి ఉంటది, వాడు చెప్పడు. మొగోడు గదా." ఆమె గ్లోరియా ఎడమ చెయ్యి తీసుకుని కొంగుతో తుడిచింది. "కొంచెంసేపు సూస్తది. కాదనుకుంటే ఇడుస్తది. ఎవల కోసమో ఎతుకుతున్నది పాపం."

వెలుతురులో గ్లోరియా తనతో పాటు వచ్చేసిన కాగితం తిప్పి చూసింది. పెన్సిల్ రుద్దింది ముందువైపు. వెనకవైపు తెల్లగా ఉండాలి. లేదు. బూడిదరంగు మరకలో రెండు వేలిముద్రలు, గీత గీతా లెక్కపెట్టేంత నిక్కచ్చిగా ఉన్నాయి. మూడోది సగంలో ఆగిపోయి ఉంది. తన వేళ్ళే.

ఆమె కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. స్కూటీ ఎక్కింది. దారి పొడవునా వాన కొడుతూనే ఉంది, ఆమె ఏడుస్తూనే ఉంది. ముత్తంగి చౌరస్తాలో ఒక లారీవాడు హారన్ కొట్టి తిట్టాడు. వినబడలేదు. వాడు పోలేదు, పోలేదు అన్న ఒక్క మాటే చెవుల్లో గింగురుమంటోంది. "పురుగులు పడి సావాలె" అన్న నోరు చేదు విషమైపోయింది.

ఇంటికి చేరేసరికి ఇంకా రాత్రి భోజనాల వేళ కాలేదు. సత్యానందం బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వయసు మీద పడినా మనిషి దిట్టం. ఇస్త్రీ చొక్కా, చేతుల గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని, ఆదివారం చెప్పాల్సిన వాక్యం కోసం కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాడు.

"తడిసినవేంది? పోయి తల తుడుసుకో" అన్నాడు.

ఆమె కాగితం విప్పి ఆయన ముందు పరిచింది. ముందువైపు పైకి ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మడత లేస్తుంటే ఎడమ చెయ్యి చాచి కాగితాన్ని బల్లకు అదిమి పట్టుకున్నాడు. చూశాడు. రెండు దెబ్బల ఏడు దగ్గర ఆయన చూపు ఆగింది.

ఇదేంది అని అడగలేదు.

"ఎక్కడ దొరికింది?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటతో గ్లోరియాకు అనుమానమన్నది ఇంక ఏ మూలా మిగలలేదు.

"నువ్వే చెప్పు నాయినా. ఎక్కడ అమ్మినవ్?"

సత్యానందం ఎడమ చెయ్యి కాగితం మీదే ఉంచి, కుడి చేత్తో కళ్ళజోడు సర్దుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ బిగబట్టుకున్న మనిషి. చివరికి గొంతు సవరించుకున్నాడు. ప్రసంగం మొదలుపెట్టేటప్పుడు సవరించుకున్నట్టే.

"ఆ రాత్రి వాడు మనిషిని గుద్దిండు. కంపెనీ రోడ్డు మీద. సైకిల్ మీద పోతున్న కూలోడు. జాగ మీదనే పోయిండు. వీడు దుకాణం దగ్గరికి వచ్చి ఏడ్సిండు."

"ఏమన్నడు?"

"టేషన్‌కు పోత అన్నడు. ఒప్పుకుంట అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"వద్దన్న. సంఘంల నా పేరేంది, నీ సంబంధమేంది? ఊరంత ఉమ్మేస్తరు అన్న. నీ కోసమే అన్న బిడ్డా."

"నా కోసం!" గ్లోరియా నవ్వింది. ఆ నవ్వు ఆమెకే అసహ్యం వేసింది. "నా సంబంధం మంచిగ నిలవెట్టినవ్ నాయినా. వాడు నీ మాట ఇన్నడా?"

సత్యానందం తల అడ్డంగా ఊపాడు.

"ఇనకపోతే?"

"బొంబాయి లారీ ఎక్కించిన."

"ఎవల లారీ?"

"యాదికి లేదు."

"టేషన్‌కే పోత అన్నోడు లారీ ఎట్ల ఎక్కిండు నాయినా? వాని కాళ్ళ మీద నడిసే ఎక్కిండా?"

ఆయన కుడి చెయ్యి మొలతాడు తాళంచెవి మీదికి పోయింది. బయట వాన తగ్గింది. గదిలో ట్యూబులైటు గీ పెడుతోంది. తల్లి ఫోటో కింద బుడ్డి బల్బు వెలుగుతోంది. గ్లోరియా ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో ఒక మాట, అబద్ధమైనా సరే, అతికే మాట ఒక్కటి చెబుతాడేమోనని ఆ చివరి క్షణంలో కూడా ఆమె ఆశపడింది. కూతురు కదా.

సర్...

ఇద్దరూ కిందికి చూశారు.

సర్... సర్...

ఆయన చూపుడు వేలి చుట్టూ కాగితం బూడిదరంగుకు తిరుగుతోంది. పైనుంచి కాదు. పల్చటి కాగితం, అడుగున నలుపు ఎక్కుతుంటే పైకి కనబడుతోంది. వేలి గీతలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ఆ వేలు అయింది. పక్క వేలు. మూడో వేలు...

మూడో వేలి దగ్గర అది ఆగలేదు.

వేగం పెరిగింది. చిటికెన వేలు... బొటనవేలు... అరచెయ్యి. చెయ్యి తీద్దామని ఆయన భుజం ఎగరేశాడు. భుజం లేచింది గానీ చెయ్యి లేవలేదు.

"గ్లోరియా..." గొంతు పీలగా, గుసగుసగా వచ్చింది. "కాయిదం... కాయిదం గుంజు బిడ్డా..."

ఆమె చెయ్యి చాచలేదు. రెండు చేతులూ కొంగులో ముడుచుకుని నిలబడింది.

అరచేతి గీతలన్నీ తేలాయి. మణికట్టు దగ్గర కాగితం అయిపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు. సర్... సర్... ఆయన చొక్కా చెయ్యి లోపల, గుండీ దాటి, మోచేతి వైపుకు పోతూ ఉంది.